ముందు ఆపడం నేర్వాలి, తర్వాతే నడపడం
కొత్తగా మోటారు సైకిలు కొన్న రైతులకు తొలి ప్రయాణం పాఠం

కొత్త గిత్తను తెచ్చిన రైతు మొదటిరోజే దాన్ని ధాన్యం బస్తాల బండికి కట్టడు. ముందు కాడి అలవాటు చేస్తాడు. పక్కన ముదురు ఎద్దును కట్టి ఒట్టి బండి లాగిస్తాడు. పగ్గం బిగిస్తే ఆగుతుందా లేదా చూసుకుంటాడు. ఆ తర్వాతే బరువు. తాతల నాటి నుంచి మనకు తెలిసిన ఈ పద్ధతిని మోటారు సైకిలు దగ్గరకు వచ్చేసరికి మరిచిపోతున్నాం. పొద్దున బండి ఇంటికి వస్తే, వారం తిరక్కుండానే పాల క్యాన్లు తగిలించుకుని కేంద్రానికి పరుగు తీస్తున్నాం.

మా ఊళ్ళో ఎకరంన్నర సాగుచేసే రైతు ఒకడున్నాడు. వరసకు నాకు కొడుకవుతాడు. పాత బండి ఒకటి కొన్నాడు. మూడు రోజులు కళ్ళంలో గిరగిరా తిప్పి, "వచ్చేసింది బాబాయ్, ఇంక భయం లేదు" అన్నాడు. నాలుగో రోజు అటొక క్యాను, ఇటొక క్యాను, వెనక తవుడు బస్తా పెట్టుకుని బయలుదేరాడు. కాలవ కట్ట మలుపులో రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. చూసి కంగారుపడి ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టేశాడు. బండి అటు, మనిషి ఇటు. ప్రాణానికి ఏమీ కాలేదు గాని కుడి మణికట్టు విరిగింది. సొంత వరి కోతకు సిద్ధంగా ఉంది. కోతకు ముందు చేలో మినుము చల్లాల్సిన అదను అది. ఆరు వారాలు చెయ్యి కట్టులోనే ఉంది. మినుము చల్లడం దగ్గర్నుంచి గేదె పాలు పితకడం దాకా అన్నీ కూలికి చేయించుకున్నాడు. బండి ఖరీదు కన్నా ఆ ఖర్చే ఎక్కువైంది. తర్వాత ఒకరోజు అతనే అన్నాడు: "నాకు నడపడం వచ్చింది గాని ఆపడం రాలేదు బాబాయ్."

ఈ వారం పాఠమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్ళినవారే. ఇవన్నీ పట్నం ప్రమాదాలని అనుకోవద్దు. మొత్తం మరణాల్లో మూడింట రెండు వంతులు పల్లె ప్రాంతాల్లోనే జరిగాయి. చిన్న రైతు ఇంట్లో సంపాదించే చెయ్యి ఒక్కటే. అది మూలపడితే ఆ కారు పైరు చూసేవాడు ఉండడు.

కళ్ళంలో వారం రోజులు

కోత అయిన చేను గాని, కళ్ళం గాని, ఆడే పిల్లలు లేని సమయంలో బడి మైదానం గాని ఎంచుకోవాలి. బాగా నడపడం వచ్చిన మనిషిని పక్కన ఉంచుకోవాలి. మొదటిరోజు ఇంజను వేయకుండానే బండిని తోసుకుంటూ నాలుగు చుట్లు తిరగాలి. బండి ఎంత బరువుందో, ఎటు ఒరిగితే చెయ్యి ఆపగలదో అప్పుడే తెలుస్తుంది.

తర్వాత క్లచ్చి. మొదటి గేరు వేసి, క్లచ్చిని నిదానంగా వదులుతూ పోతే ఒకచోట బండి ముందుకు కదలబోతుంది. ఆ చోటు చేతికి గుర్తుండిపోవాలి. అక్కడిదాకా వదలడం, మళ్ళీ పట్టడం, ఇలా ఇరవై సార్లు చేయాలి. గేర్లు అన్ని బండ్లకూ ఒకేలా ఉండవు. కొన్నింటికి అన్ని గేర్లూ ముందుకు నొక్కితే పడతాయి. కొన్నింటికి మొదటిది కిందికి, మిగిలినవి పైకి. పాత బండి కొన్నవారు ఈ సంగతి అమ్మినవారినే అడిగి తెలుసుకోవాలి.

కొత్తవారికి కంగారు పుడితే చేతులు బిగుసుకుంటాయి. హ్యాండిలు గట్టిగా పట్టుకునేసరికి ఎక్స్‌లేటరు తిరిగి బండి ఎగిరి ముందుకు దూకుతుంది. గోడను, గడ్డివామును గుద్దుకునేది ఇలాగే. అందుకని ఒక అలవాటు చేసుకోవాలి. ఏం చేయాలో తోచకపోతే వెంటనే ఎడమ చేత్తో క్లచ్చి పట్టి, కుడి చేతిని ఎక్స్‌లేటరు మీద సడలించాలి. క్లచ్చి పడితే చక్రానికి ఇంజను జోరు అందదు. గేర్లు లేని ఎక్సెల్ బండికి, స్కూటీకి చేతి క్లచ్చి ఉండదు. కాబట్టి వాటికి ఎక్స్‌లేటరు వదిలేయడమే మందు.

బ్రేకు పాఠం

ముందు బ్రేకు పట్టుకుంటే పల్టీ కొడుతుందని ఊళ్ళలో ఒక మాట ఉంది. ఆ భయంతో చాలామంది జీవితమంతా కాలి బ్రేకుతోనే నెట్టుకొస్తారు. ఇది పొరపాటు. బండి ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదకు వస్తుంది. పొడి తారు రోడ్డు మీద బండిని ఆపే బలంలో పెద్ద భాగం ముందు బ్రేకుదే. కాలి బ్రేకు ఒక్కటే తొక్కితే వెనక చక్రం పట్టేసి, జారుతూ చాలా దూరం పోతుంది.

ముందు బ్రేకును నిమ్మకాయ పిండినట్లు పట్టాలి. మొదట మెల్లగా, తర్వాత బిగించి. అదే సమయంలో కాలి బ్రేకు తొక్కాలి. బండి నిటారుగా, హ్యాండిలు తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా బ్రేకు వేయాలి. మలుపులో వాలి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం కిందనుంచి జారిపోతుంది. అందుకే వేగం తగ్గించేది మలుపు రాకముందే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా బండ్లకు రెండు చక్రాలకూ కలిపి పడే బ్రేకు ఏర్పాటు తప్పనిసరి అయింది. ఆ బండ్లకైనా రెండు బ్రేకులూ వాడడమే మంచిది.

కళ్ళంలో ఒక ఇటుక పెట్టి, ఇరవై కిలోమీటర్ల వేగంతో వచ్చి సరిగ్గా దాని పక్కన ఆగాలి. పదిసార్లు వరుసగా, ఇంజను ఆగిపోకుండా, కాలు ఈడ్వకుండా ఆగగలిగితే సగం పాఠం వచ్చినట్లే. తర్వాత రెండు ఇటుకలు దూరంగా పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాలి. లైసెన్సు పరీక్షలో వేయించేదీ ఇదే. తిప్పేటప్పుడు చూపు చక్రం మీద కాదు, పోవలసిన చోటు మీద ఉండాలి. గుంటను చూస్తూ పోతే గుంటలోకే పోతాం.

వేగం సంగతి కూడా లెక్కవేసి చూడండి. 40 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు 11 మీటర్లు పోతుంది. 60లో దాదాపు 17 మీటర్లు. అడ్డం వచ్చిన గేదెను చూసి చెయ్యి బ్రేకు మీదకు వెళ్ళేసరికే సుమారు ఒక సెకను గడిచిపోతుంది. బ్రేకు పడిన తర్వాత కూడా, వేగం రెండింతలయితే ఆగే దూరం నాలుగింతలవుతుంది. తొలి నెల 40 దాటకపోవడం మంచిది.

బయలుదేరే ముందు బండి చుట్టూ ఒకసారి

అరక కట్టేముందు మోకులు, కర్రు చూసుకున్నట్లే ఇదీ. రెండు టైర్లలో గాలి చూడాలి. ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. వెనక మనిషి గాని బరువు గాని ఉంటే వెనక టైరులో ఎక్కువ గాలి కావాలి. టైరు గాడులు అరిగి నున్నగా ఉంటే మార్చుకోవాలి. చెయిను మరీ బిగువుగా, మరీ వదులుగా ఉండకూడదు. రెండు బ్రేకులూ నొక్కి చూడాలి. బ్రేకు వేసినప్పుడు వెనక ఎర్ర లైటు వెలుగుతోందా చూడాలి. అద్దాలు పీకి అటక మీద పెట్టవద్దు. వెనక వచ్చే లారీని చూపే కళ్ళు అవే.

చివరగా సైడు స్టాండు. ఎత్తకుండా బయలుదేరితే ఎడమ మలుపులో అది నేలకు తగిలి బండిని తిరగేస్తుంది. ఇటీవలి చాలా బండ్లలో స్టాండు దించి ఉంటే ఇంజను ఆగిపోయే ఏర్పాటు ఉంది. పాత బండ్లకు లేదు. గేరు వేసేముందు మడమతో తడిమి చూసుకోవడం అలవాటు కావాలి.

బట్ట, చెప్పు, హెల్మెట్టు

పంచె, లుంగీ చెయినులోకి, గేరు కడ్డీలోకి చిక్కుకుంటాయి. ప్యాంటు వేసుకోవడం మేలు. మెడలో తువ్వాలు వేలాడనివ్వవద్దు. జారిపోయే రబ్బరు చెప్పుల కన్నా పట్టీ ఉన్న చెప్పులు, బూట్లు మంచివి. వెనక కూర్చునే ఆడవారి చీర కొంగు, చున్నీ చక్రంలో పడి మెడకు బిగిసిన ప్రమాదాలు కొల్లలు. వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే గార్డు ఉండాలని నిబంధనే ఉంది. పాత బండికి అది ఊడిపోయి ఉంటే ముందు వేయించి, తర్వాతే మనిషిని ఎక్కించాలి.

"పక్క ఊరికే కదా, హెల్మెట్టు దేనికి?" అంటారు. తల తారుకు తగలడానికి దూరంతో పనిలేదు. హెల్మెట్టు చావు ముప్పును దాదాపు 42 శాతం, తలకు దెబ్బ తగిలే ముప్పును 69 శాతం తగ్గిస్తుందని అనేక దేశాల పరిశీలనలు తేల్చాయి. 2022లో హెల్మెట్టు లేకుండా చనిపోయినవారు మన దేశంలో 50,029 మంది. ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనాలి. గడ్డం కింద పట్టీ బిగించాలి. పట్టీ పెట్టని హెల్మెట్టు మనిషి కన్నా ముందే ఎగిరిపోతుంది. సాయంత్రం వరి చేల పక్కన పురుగులు కంట్లో పడతాయి గనుక ముందు అద్దం దించుకోవాలి.

తొలి ప్రయాణం

మొదటిసారి ఒంటరిగా వెళ్ళేది పనిమీద కాకూడదు. పాల కేంద్రం మూసే వేళ అవుతోందని, ఎరువుల కొట్టు దగ్గర వరుస పెరుగుతోందని మనసులో తొందర ఉంటే చెయ్యి మాట వినదు. తెలిసిన దారిలో నాలుగైదు కిలోమీటర్లు పోయి రావాలి. పొద్దు బాగా ఎక్కిన తర్వాత, వాన లేని రోజున, ఎండ సూటిగా కళ్ళలో పడని వేళ ఎంచుకోవాలి. వెనక మనిషి వద్దు, బరువు వద్దు. ఫోను జేబులోనే ఉండాలి. మోగితే పక్కకు ఆపి మాట్లాడాలి. ఇంట్లో చెప్పి బయలుదేరాలి. వీలైతే తెలిసినవారిని ఇంకో బండి మీద వెనక రమ్మనాలి.

ఇలా నాలుగైదు సార్లు పోయి వచ్చాక బజారు, ఆ తర్వాత పక్క మండలం. పెద్ద రోడ్డు ఎక్కేది నెల గడిచాకే. విజయవాడ–మచిలీపట్నం వంటి నాలుగు వరుసల జాతీయ రహదారిలో ఊరి దారులు కలిసే చోట్ల బండి పూర్తిగా ఆపి, కాలు నేలకు ఆనించి, కుడి, ఎడమ, మళ్ళీ కుడి చూసి ఎక్కాలి. అర కిలోమీటరు చుట్టు తప్పుతుందని ఎదురు దిశలో పోవడం మన పల్లెల్లో పెద్ద జాడ్యం. అటువైపు లారీ డ్రైవరు మనల్ని ఊహించడు.

మన దారుల్లో గండాలు

ఆరబోసిన ధాన్యం: వడ్లు, మొక్కజొన్న గింజలు టైరు కింద గోళీల్లా దొర్లుతాయి. దూరం నుంచే వేగం తగ్గించి, వాటి మీద ఉండగా బ్రేకు వేయకుండా, హ్యాండిలు తిప్పకుండా తిన్నగా పోవాలి. ఇక్కడ మన తప్పు కూడా చెప్పుకోవాలి. ఆరబోసేది మనమే, చుట్టూ రాళ్ళు పేర్చేదీ మనమే. గింజలు ఎత్తుకుపోయి రాళ్ళు అక్కడే వదిలేస్తున్నాం. రాత్రి ఆ రాయికి తగిలేది మన అన్నదమ్ముల బండే కావచ్చు.

బురద: దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు తారు రోడ్డంతా బురద రాలుస్తుంది. దాని మీద చినుకు పడితే ఆముదం పోసినట్లే. నల్లరేగడి డొంకలో బురద టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య గట్టిపడి చక్రాన్నే పట్టేస్తుంది. అలాంటిచోట దిగి పుల్లతో గీకి తోసుకుపోవడం నామోషీ కాదు.

పశువులు: ఒక గేదె దాటితే వెనకది తప్పకుండా వస్తుంది. మనిషి ఈ పక్క, గేదె ఆ పక్క ఉంటే మధ్యలో పలుపు తాడు ఉంటుందని గుర్తుంచుకోవాలి. హారను అదేపనిగా కొడితే పశువు బెదిరి మీదకే వస్తుంది. ఆగడమే మార్గం. కుక్క వెంటపడితే కాలు విసరవద్దు. బండి వంకర పోతుంది.

కట్ట దిగేచోట: పెట్రోలు మిగులుతుందని న్యూట్రలులో దించవద్దు. గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.

రాత్రి: వెనక లైట్లు లేని ట్రాక్టరు ట్రక్కులు, గడ్డి బండ్లు మసక చీకట్లో దగ్గరకు వచ్చేదాకా కనిపించవు. మన లైటు వెలుగు ఎంత దూరం పడుతుందో అంతలో ఆగగలిగే వేగమే ఉండాలి. తొలి నెల చీకటి ప్రయాణం మానుకోవాలి.

చప్టా మీద నీళ్ళు పారుతుంటే ఎంత లోతో తెలిసినా సరే, బండితో దిగవద్దు.

బరువు ఎప్పుడు, ఎలా

రెండు వారాలు ఒట్టి బండి, తర్వాత వెనక ఒక మనిషి, ఆ తర్వాతే సరుకు. ఇదే వరస. పాల క్యాన్లు రెండు వైపులా సమంగా, వీలైనంత కిందుగా కట్టాలి. ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా ఉంటే బండి బరువువైపు లాగుతుంది. సగం నిండిన క్యానులో పాలు అలలా కొట్టుకుని మలుపులో బండిని ఊపుతాయి. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ 50 కిలోలు. దాన్ని ట్యాంకు మీద అడ్డంగా పెడితే హ్యాండిలు పూర్తిగా తిరగదు. వెనక సీటు మీద, మధ్యకు, తాడుతో బిగించి కట్టాలి. వెనక బరువు పెరిగితే ముందు చక్రం తేలికవుతుంది, ఆగే దూరం పెరుగుతుంది. పైపులు, వెదురు గడలు అడ్డంగా పెట్టుకుని పోవద్దు. పార, కొడవలి అంచుకు గోనె చుట్టి, మొన వెనక్కు ఉండేట్లు కట్టాలి. ముగ్గురు ఎక్కడం చట్టప్రకారం కూడా తప్పే.

మందు కొట్టి బండెక్కవద్దు

సారా సంగతి అందరికీ తెలిసిందే. ఇక్కడ చెప్పేది పురుగుమందు గురించి కూడా. ఎండలో స్ప్రేయరు మోసి, మందు గాలి పీల్చి, ఆ చేతులతోనే బండి తీస్తున్నారు. కొన్ని పురుగుమందుల ప్రభావంతో తల తిరుగుతుంది, చూపు మసకబారుతుంది, చేతులు వణుకుతాయి. ఇవి బండి మీద ఉండగా మొదలయితే చేసేదేమీ లేదు. పిచికారీ అయ్యాక సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకుని, నీడలో కాసేపు కూర్చుని బయలుదేరాలి. కాస్త తేడాగా ఉన్నా ఇంకొకరి వెనక కూర్చుని ఆసుపత్రికి పోవాలి. మందు సీసాలు, పశువుల దాణా ఒకే సంచిలో పెట్టవద్దు.

కాగితాలు

ముందుగా ఎల్ఎల్ఆర్ తీసుకోవాలి. అది ఆరు నెలలు పనిచేస్తుంది. నెల గడిచాక నడిపి చూపించి లైసెన్సు పొందవచ్చు. ఎల్ఎల్ఆర్ మీద ఉండగా నేర్పే మనిషిని తప్ప వెనక ఎవరినీ ఎక్కించకూడదు. ఎక్సెల్ బండికి లైసెన్సు అక్కర్లేదనుకోవడం తప్పు. 16 ఏళ్ళకు ఇచ్చే లైసెన్సు 50 సీసీ లోపు గేర్లు లేని వాటికే. ఎక్సెల్ 100 ఆ లెక్కలోకి రాదు. ఇక బడి పిల్లవాడికి బండి ఇచ్చి పాలు పంపే అలవాటు ఉన్నవారు జాగ్రత్త. మైనరు ప్రమాదం చేస్తే 2019 సవరణ చట్టం ప్రకారం తండ్రికి గాని యజమానికి గాని రూ.25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు.

పాత బండి కొంటే 30 రోజుల లోపు ఆర్‌సీ మన పేరు మీదకు మార్చుకోవడానికి దరఖాస్తు చేయాలి. 14 రోజుల్లో బీమా కంపెనీకి తెలపాలి. అవతలివారికి చెల్లించే థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. దానితోపాటు యజమానికి రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. అయితే ప్రమాదం నాటికి బండి మన పేరున, లైసెన్సు మన చేతిలో లేకపోతే ఆ డబ్బు ఇంటివారికి రాదు. కాగితాల మీద మిగుల్చుకున్న వెయ్యి రూపాయలు అక్కడ లక్షలు పోగొడతాయి.

పడితే

ముందు బండిని ఎత్తవద్దు, మనిషిని చూడాలి. 108కి ఫోను చేయాలి. మెడ, నడుము నొప్పి అంటే మడిచి ఆటోలో వేయవద్దు. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. ఆసుపత్రికి చేర్చినవారి మీద కేసు పెట్టరాదని చట్టం స్పష్టంగా చెబుతోంది. ప్రమాద బాధితులకు గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో 7 రోజుల పాటు రూ.1.5 లక్షల దాకా నగదు లేని చికిత్స ఇచ్చే పథకాన్ని కేంద్రం 2025 మేలో ప్రకటించింది. ఆసుపత్రిలో ఆ సంగతి అడగాలి.

గుర్తుంచుకోవలసినవి

1. ఇటుక పక్కన పదిసార్లు ఆగగలిగాకే రోడ్డు ఎక్కాలి.
2. కంగారు పుడితే క్లచ్చి పట్టాలి, ఎక్స్‌లేటరు వదలాలి.
3. రెండు బ్రేకులూ కలిపి, బండి తిన్నగా ఉండగా వేయాలి.
4. తొలి ప్రయాణంలో బరువు, తోడు, తొందర మూడూ వద్దు.
5. గింజలు, బురద, ఇసుక మీదకు రాకముందే వేగం తగ్గించాలి.
6. హెల్మెట్టు పట్టీ, సైడు స్టాండు చూసుకోనిదే గేరు వేయవద్దు.

మా వాడు చెయ్యి బాగుపడ్డాక మళ్ళీ కళ్ళంలో ఇటుక పెట్టుకుని మొదటినుంచి నేర్చుకున్నాడు. ఇప్పుడు రోజూ పాలు పోసి వస్తున్నాడు. కేంద్రానికి మునుపటి కన్నా పది నిమిషాలు ఆలస్యంగా చేరుతున్నాడు. పాలు విరగలేదు, చెయ్యీ విరగలేదు.